డైనోసార్ ఎడమ, దారి కుడి

ఈ మధ్య హోటళ్ళలో సర్వర్లు ఆర్డరు తిరిగి చెప్పడం మానేశారు. నేను "రెండు ఇడ్లీ, ఒక టీ, టీలో పంచదార వద్దు" అంటాను. అతను తల ఊపుతాడు. ఆ ఊపులో ఏ మాట ఎంతవరకు లోపలికి వెళ్ళిందో తెలిసే మార్గం లేదు. కాసేపటికి పాకం లాంటి టీ వస్తుంది. తాగేస్తాను. నేను గొడవపడే మనిషిని కాను, ఇంటికెళ్ళి రాసుకునే రకం.

నా బాధ టీ గురించి కాదు. ఒకరు చెప్పినదాన్ని రెండోవారు పైకి తిరిగి అనకపోతే ఆ మాట ఇంకా గాల్లోనే వేలాడుతున్నట్టు ఉంటుంది నాకు. ఇది పెంపకంలో వచ్చిన జబ్బు. మా నాన్న బిలాస్‌పూర్‌లో రైలు డ్రైవరు.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. ఎదురుగా వచ్చే ప్రతి సిగ్నల్నీ డ్రైవరు చెయ్యి చాపి పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో తాను చూసి అదే మాట తిరిగి చెప్పాలి. స్టేషన్ ముందుండే హోమ్ సిగ్నల్ పసుపు పడితే "హోమ్ పసుపు" అని ఒకరు, "హోమ్ పసుపు" అని ఇంకొకరు. నాలుగు కళ్ళు, ఒకే మాట. ఈ పద్ధతి నాన్న టిఫిన్ క్యారియర్‌తో పాటు మా క్వార్టర్లోకి కూడా వచ్చేసింది. అమ్మ "పాలు పొయ్యి మీద" అంటే ఇంట్లో ఎవరో ఒకరు "పాలు పొయ్యి మీద" అనాలి. అనకపోతే పొంగిన పాలకి అమ్మ బాధ్యురాలు కాదు. ఓసారి విజయనగరం వైపు నుంచి వచ్చిన బంధువొకాయన మొహమాటానికి "మరి నేను బయల్దేరతాను" అన్నాడు. మేమంతా ఒక్క గొంతుతో "బయల్దేరతారు" అన్నాం. ఆయన నిజంగానే బయల్దేరాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

ఈ ఇంట్లోకి తొంభైల మొదట్లో ఒక డైనోసార్ వచ్చింది.

తెచ్చినవాడు మా మేనమామ. విశాఖపట్నం హార్బరులో పనిచేసేవాడు, ఓడవాళ్ళ దగ్గర కొన్నానని చెప్పి మా చెల్లి చేతిలో పెట్టాడు. చెల్లి అప్పుడు రైల్వే వాళ్ళ హిందీ స్కూల్లో ఎనిమిదో క్లాసు. అరచేతిలో పట్టే బూడిదరంగు గేమ్. ఈ పక్కన ఒక బటను, ఆ పక్కన ఒక బటను, మధ్యలో అగ్గిపెట్టెంత తెర. తెర చుట్టూ డబ్బా మీద రంగుల బొమ్మ: పొగలు కక్కే కొండ, దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ పొడుగు మెడ డైనోసార్. ఎలా ఆడాలో రాసిన కాగితం కూడా ఉంది కానీ అది ఏ భాషో మాకెవరికీ తెలియలేదు. మా చెల్లికి ఆ లిపికీ తెలుగుకీ పెద్ద తేడా కనిపించలేదు. రెండూ చదవలేకపోయేది.

ఆట సంగతి ఆడగా ఆడగా అర్థమైంది. తోలు కట్టుకున్న ఒక చిన్న మనిషి డైనోసార్ గూట్లోంచి గుడ్లెత్తుకు పారిపోతుంటాడు. డైనోసార్ మెడ ఒకసారి ఎడమ వైపు దిగుతుంది, ఒకసారి కుడి వైపు. అది ఎడమకి దిగితే మనిషిని కుడికి నడపాలి, కుడికి దిగితే ఎడమకి. ఆలస్యమైతే అది మనిషిని మింగి, చిన్న పాట పాడుతుంది. మూడు ప్రాణాలు. ఆట సాగేకొద్దీ వేగం పెరుగుతుంది. నల్లటి బొమ్మలు అక్కడక్కడా వెలిగి ఆరిపోవడమే తప్ప కదలిక లేదు.

నాన్న డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, వరండాలో నవారు మంచం మీద కూర్చున్నాడు.

"ఏటే అది, కిచకిచలాడతంది?"

"గేమ్ నాన్నా. డైనోసార్."

"ఏదీ, ఇలా తే."

ఇచ్చింది. ఆ తర్వాత అది తన వస్తువని చెల్లి నాన్నకి చాలాసార్లు గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

నాన్న ఒకటి రెండు ఆటలాడి, మనిషిని మింగించుకుని, ఆట తయారుచేసినవాళ్ళ మీద అసంతృప్తి ప్రకటించాడు. "ఇది ఒక్కడు చేసే పని కాదు. అసిస్టెంటు లేకుండా ఎదర డైనోసార్ని పెట్టి ఎలగ నడపమంటారు?" వెంటనే చెల్లిని అసిస్టెంటుగా నియమించాడు. దరఖాస్తు, ఇంటర్వ్యూ లేకుండా రైల్వేలో జరిగిన నియామకం నాకు తెలిసి అదొక్కటే.

అప్పట్నుంచి నాన్న ఇంట్లో ఉన్న సాయంత్రాలు ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని బండి నడిపేవారు.

"మెడ ఎడమ!"

"మెడ ఎడమ!"

"దారి కుడి!"

"దారి కుడి!"

పిప్, పిప్. ఒక గుడ్డు చేరింది. పక్క క్వార్టరు వాళ్ళకి మొదట్లో కంగారుగా ఉండేది, తర్వాత గుడ్ల సంఖ్య గోడ అవతల్నుంచి వాళ్ళే అడిగేవారు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, "సాయంత్రం నుంచీ గుడ్లు పోగుచేస్తన్నారు, కూరకి ఒకటైనా ఇస్తారేటి?" అనేది.

ఇక నా పాత్ర. నేను బి.ఎస్సీ. జువాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఆ రోజుల్లో నాకు తెలియనిది చాలా తక్కువ. అది తర్వాత పెరిగింది. మంచం పక్క గోడకి చేరబడి ఆ ఆటలోని శాస్త్రీయ దోషాలని అడగకుండానే వివరించేవాణ్ణి.

"నాన్నా, అసలు మనిషీ డైనోసారూ ఎప్పుడూ కలవలేదు. అవి పోయిన ఆరు కోట్ల ఏళ్ళ తర్వాత మనం వచ్చాం."

నాన్న తల ఎత్తకుండా అన్నాడు. "మరి వీణ్ణి ఈ సెక్షన్‌కి ఎవడు బుక్ చేశాడ్రా? రోడ్డు తెలీనోడిని పంపిస్తే ఇలగే ఉంటాది."

"ఇంకోటి. పొడుగు మెడవన్నీ ఆకులు తినేవి. దీనికి ఈటెల్లాంటి పళ్ళు పెట్టారు, పైనా కిందా. శుద్ధ తప్పు. ఆకులు తినేది మనిషినెందుకు మింగుతుంది?"

"గుడ్లెత్తుకుపోతే ఊరుకుంటాదేట్రా? ఆవు కూడా ఊరుకోదు."

"ఆవు గుడ్లు పెడతాదేటండీ?" అంది అమ్మ లోపల్నుంచి.

ఆ ప్రశ్న మీద నేను మౌనం వహించాను. అది నా సిలబస్‌లోనే ఉంది కానీ, అమ్మా నాన్నల మధ్య ప్రశ్నలు సిలబస్‌ని బట్టి నడవవు.

డైనోసార్ తోక నేల మీద పడి ఉందన్న సంగతిని మాత్రం నేను ఆమోదించాను. నా పుస్తకంలోనూ అలాగే ఉండేది. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ తోక పైకెత్తేశారు. మరోరోజు మూల నుంచి ఇంకో రకం డైనోసార్, రెండు కాళ్ళది, నడిచొస్తే చెల్లి పకపకా నవ్వి, "అన్నయ్యా, ఇది అచ్చం కోడి" అంది. నేను పెద్దమనసుతో చిరునవ్వు నవ్వి, సరీసృపాలకీ పక్షులకీ ఉన్న దూరం విడమరిచి చెప్పాను. ఆ దూరం కూడా తర్వాత తగ్గిపోయింది. సైన్సు మొత్తానికి చెల్లి పక్షం చేరింది, నాకు కబురైనా పెట్టకుండా.

నేను చెప్పినవాటిలో నాన్నకి నిజంగా నచ్చింది ఒకటే. ఆయన కోర్బా వైపు నుంచి లాగుకొచ్చే బొగ్గు డైనోసార్ల కన్నా పాతదని చెప్పాను. ఆట ఆపేశాడు. మనిషి మింగబడ్డాడు.

"అంటే బొగ్గు సీనియరా?"

"బాగా సీనియర్. అవి పుట్టేసరికే అడవులు మట్టిలో కప్పబడిపోయాయి."

ఆ వారమంతా ఇంజన్ల షెడ్డులో ఈ సంగతి చెప్పుకు తిరిగాడట. వేగన్లలో ఉన్నది సీనియర్ స్టాఫ్ అనీ, కుదుపు లేకుండా తేవాలనీ. ఆ ఊపులో నేను జబల్‌పూర్ దగ్గర గుట్టల్లో డైనోసార్ ఎముకలు దొరికిన సంగతి కూడా చెప్పాను. దాన్ని మాత్రం పట్టించుకోలేదు. "కట్నీ దాటితే మన డివిజన్ కాదు" అన్నాడు.

అప్పట్లో చెల్లిని నా సైకిల్ మీద స్కూల్లో దింపి కాలేజీకి వెళ్ళేవాణ్ణి. ఓ పొద్దున లెవెల్ క్రాసింగ్ గేటు పడితే ఆగాం. వెనక నుంచి నా చొక్కా లాగింది.

"అన్నయ్యా, ఒకటి చెప్తాను. నాన్నతో అనకు. పక్కా?"

"పక్కా."

"నాన్న ముందు చెప్పడం మానీసాడు."

"ఏమిటి చెప్పడం?"

"మెడ ఎడమో కుడో. ఇదివరకు నాన్న ముందు అనీవోడు, నేను తిరిగి అనీదాన్ని. ఇప్పుడు నేను ముందు అంటన్నాను, నాన్న తిరిగి అంటన్నాడు."

"నీకు ట్రైనింగ్ ఇస్తున్నాడేమో."

"ట్రైనింగ్ కాదు. నేను ఊరుకుంటే తనూ ఊరుకుంటన్నాడు. మనిషి చచ్చిపోతన్నాడు."

గేటు లేచింది. మా వెనక రిక్షావాడు బెల్లు కొడుతున్నాడు. నేను వెంటనే తొక్కలేదు.

నాన్నకి మెడికల్ దగ్గర పడుతోంది. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుంది. అందులో పోతే ఇంజనెక్కనివ్వరు, షెడ్డులో ఏదో కుర్చీ ఇస్తారు. మా కాలనీలో ఒకాయనకి అలా కుర్చీ ఇచ్చారు. సాయంత్రాలు యార్డు పక్క రోడ్డు మీద నడుస్తూ, సిగ్నల్ పడినప్పుడల్లా ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేచేది. ఆయన ఎదురైతే నాన్న చెప్పుల వైపు చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. మా ఇంట్లో కళ్ళ ప్రస్తావన ఉండేది కాదు. డ్యూటీకి బయల్దేరేటప్పుడు "ఎప్పుడొస్తారు" అని అమ్మ అడగనట్టే, కళ్ళ మాటా ఎవరూ ఎత్తేవారు కాదు.

చెల్లి చెప్పాక చాలా సంగతులు వాటి చోట్లలో కూర్చున్నాయి. ఆ గేమ్ మొదట్లో నాన్న ముక్కు దగ్గర ఉండేది, తర్వాత మోకాలి దగ్గరికి జరిగింది, ఈ మధ్య చెయ్యి ఎంత సాగితే అంత దూరంలో ఉంటోంది. నా ఉపన్యాసాల మీద విసుగేమో అనుకున్నాను. పేపరు కూడా నా చేత చదివించుకుంటున్నాడు. "నీ ఉచ్చారణ బాగుపడాలిరా" అనేవాడు. నా ఉచ్చారణ నిజంగానే బాగుపడుతోంది.

ఆ సాయంత్రం శాస్త్రీయ పద్ధతిలో ఒక ప్రయోగం చేశాను.

"నాన్నా, డైనోసార్ పళ్ళు పైన ఎక్కువున్నాయా, కిందా?"

"పైనా కిందా ఉన్నాయి. నువ్వే చెప్పావు కదరా, ఈటెల్లాగున్నాయని."

ప్రయోగం వల్ల ఏమీ తేలలేదు. నేను చెప్పింది నాకే తిరిగి వచ్చింది. మా ఇంటి పద్ధతి అది.

తర్వాతి రోజు గేమ్ కనిపించలేదు. చెల్లి ఇల్లంతా వెతికి, చివరికి బియ్యం డబ్బాలోంచి తీసింది. దాచింది అమ్మ. ఎందుకని అడిగితే, "ఆ దిక్కుమాలిన బల్లిని ఎంతసేపు చూస్తారు" అంది, పప్పు కడుగుతూ. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే అమ్మకీ తెలుసు. చెల్లికి తెలుసు, నాకు తెలుసు, నాన్నకి అందరికన్నా ముందే తెలుసు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పుకునే ఇంట్లో ఇదొక్కటి ఎవరూ ఒక్కసారి కూడా చెప్పలేదు.

చెప్పింది చెల్లే. ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక.

బటన్ల సందుల్లో ఇరుక్కున్న బియ్యపు గింజ ఊదేసి, నాన్న పక్కన కూర్చుని గేమ్ ఆయన చేతికిచ్చింది. నేను గోడ దగ్గర నా మామూలు స్థానంలో ఉన్నాను. అక్కణ్ణించి తెర కొంచెం కనిపిస్తోంది. మెడ ఎడమ వైపు దిగింది.

"మెడ కుడి!" అంది చెల్లి.

"మెడ కుడి! దారి ఎడమ!" అని నాన్న ఎడమ బటను నొక్కాడు. మనిషి నడుచుకుంటూ వెళ్ళి సరాసరి దాని నోటికింద నిలబడ్డాడు. చిన్న పాట.

మళ్ళీ మెడ ఎడమ. మళ్ళీ చెల్లి "మెడ కుడి!" అంది. మళ్ళీ నాన్న అదే అని, అదే బటను నొక్కాడు. మూడోసారి కూడా అంతే. పాట అయిపోయాక తెర ఖాళీగా ఉండిపోయింది.

"తప్పు కాల్ ఇచ్చావేటే?" అన్నాడు నాన్న. మూడోసారికి ఆయనకి అర్థమైంది.

"అవును."

"ఏటి, ఆటలాడతన్నావా? ఇంజన్లో ఇలగిస్తే ఏటవుతాదో తెలుసా?"

"నువ్వు కూడా చూడాల కదా నాన్నా," అంది చెల్లి. "ఇద్దరూ చూడాల. నువ్వే చెప్పావు."

అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న గేమ్ మంచం మీద పెట్టి, కాలనీ గోడ అవతల యార్డు వైపు చూశాడు.

"దూరం నాకు బాగానే అవుపడతంది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "అదిగో, ఆ మూల నిలబడ్డ వేగను నంబరు చదవమంటారా?" చదివాడు. నేను గోడ దాకా వెళ్ళి, కళ్ళు చికిలించి చూసి వచ్చాను. సరిగ్గానే చదివాడు. నాకే కష్టమైంది.

"మరి కాగితం?" అంది అమ్మ.

దారిలో ఎక్కడెక్కడ నెమ్మదిగా నడపాలో ఒక కాగితం రాసిస్తారు బయల్దేరేముందు. అది డ్రైవరు చదివి సంతకం పెట్టాలి.

"అసిస్టెంటు చదువుతాడు. నేను తిరిగి చెప్తాను," అన్నాడు నాన్న.

ఆ మాట అనేసి, తనే దాన్ని విన్నట్టు ఆగిపోయాడు. ఎవరూ దాన్ని తిరిగి చెప్పలేదు. లోపల్నుంచి పాలు మాడిన వాసన వచ్చింది.

మర్నాడు మెడికల్‌కి పిలుపు రాకముందే నాన్న తనంతట తనే రైల్వే ఆస్పత్రికి బయల్దేరాడు. తోడు నన్ను రమ్మన్నాడు. కారణం చెప్పలేదు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆస్పత్రి మెట్ల దగ్గర, "షెడ్డులో కుర్చీ ఫ్యాను కింద ఉంటాదట్రా," అన్నాడు. నేను "ఫ్యాను కింద ఉంటాది" అన్నాను.

నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాడు. తలుపు సగం తెరిచి ఉంది. డాక్టరు దూరంగా ఉన్న అక్షరాలు చదవమని హిందీలో చెప్పాడు. నాన్న చెయ్యి చాపి, ఇంజన్ మోతలో వినబడేంత గొంతుతో మొదటి అక్షరం చదివాడు. చదివి ఆగాడు.

"ఆగే," అన్నాడు డాక్టరు, తర్వాతిది చదవమని.

నాన్న మళ్ళీ అదే అక్షరం చదివాడు, ఇంకా గట్టిగా. ఆగాడు.

"అరే, ఆగే పఢియే!"

ఆయన దేనికోసం ఆగుతున్నాడో ఆ ఆస్పత్రిలో నాకొక్కడికే తెలుసు. లేచి తలుపు దగ్గర నిలబడి తిరిగి చెబుదామనిపించింది. కాపీ అందిస్తున్నాననుకుంటారని కూర్చుండిపోయాను. తర్వాత నాన్న గొంతు ఒక్కటే, ఒక్కో అక్షరం ఒక్కోసారి, కింది వరస దాకా వినబడింది.

దూరం చూపు బాగుంది. దగ్గర చూపే తగ్గింది, వయసుతో వచ్చేదే, అద్దాలు పెట్టుకుంటే చాలన్నారు. ఆ సంగతి విన్నాక కూడా నాన్నకి నమ్మకం కుదరలేదు. అసలు మెడికల్ అయ్యేదాకా ఇంట్లో కళ్ళజోడు పెట్టె మూత తియ్యలేదు. తీస్తే ఒప్పుకున్నట్టని కాబోలు. మెడికల్ రోజు అమ్మ పొద్దుట్నుంచీ వీధి గుమ్మంలోనే కూర్చుని బియ్యం ఏరింది. అంతకుముందు రోజే ఏరిన బియ్యం.

నాన్న సందు మలుపులో కనిపించగానే మా ముగ్గురికీ తెలిసిపోయింది. చెయ్యి పైకెత్తి, "ఫిట్!" అని అక్కణ్ణించే అరిచాడు.

"ఫిట్!" అన్నాం ముగ్గురం. పక్క క్వార్టరు వాళ్ళు కూడా అన్నారు.

అద్దాలతో ఫిట్. అయితే డ్యూటీలో ఎప్పుడూ రెండో జత కూడా దగ్గరుంచుకోవాలన్నది నిబంధన. దీంతో నాన్నకి కళ్ళజోడు మీద ఉన్న చిన్నచూపు పోయింది. "ఇంజన్‌కే స్పేరు ఇవ్వరు. నాకు ఇచ్చారు," అని రెండు పెట్టెలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం వరండాలో మంచం మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, "ఏదే, బల్లిని తే," అన్నాడు. ఈసారి బియ్యం డబ్బాలోంచి అమ్మే తీసిచ్చింది. చెల్లి తన సీట్లో కూర్చుంది. నాన్న తెరని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, చాలాసేపు, కొత్త సెక్షన్ మ్యాపు చూసినట్టు చూశాడు.

"ఒరే, దీనికి పళ్ళేవిరా?"

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. తెర మీది డైనోసార్‌కి పళ్ళు లేవు. నోరు కూడా ఒక చిన్న గీత. ఈటెల్లాంటి పళ్ళున్నది డబ్బా మీది రంగుల బొమ్మకి.

"పళ్ళు బయట డైనోసార్‌వి నాన్నా," అన్నాను.

"లోపల్దానికి లేవు."

"లేవు."

"అచ్ఛా," అన్నాడు నాన్న. అంతటితో నా పరిశోధన ముగిసింది.

ఆట మొదలైంది. చాలా రోజుల తర్వాత నాన్న ముందు చెప్పాడు. "మెడ ఎడమ!" చెల్లి తిరిగి చెప్పింది. గొంతులో ఎంత సంబరమంటే, అమ్మ స్టవ్ తగ్గించి బయటికొచ్చింది. కానీ నాన్నకి ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి. "ఈ కొండమీద పొగ కూడా ఉన్నాదే! ఇదేటి, వీడి చేతిలో కర్రా?" అంటుండగానే మెడ దిగి మనిషిని మింగేసింది. రెండోసారి గూట్లో గుడ్లకి చుక్కలున్నాయేమోనని చూస్తుండగా మింగింది. మూడోసారి ఏమీ చూడకుండా పట్టుదలగా ఆడాడు, తొందరలో రెండు బటన్లూ కలిపి నొక్కాడు. చిన్న పాట.

కళ్ళజోడు తీసి, బనీను అంచుతో తుడిచి, పెట్టెలో పెట్టి, స్పేరు జత తీసి పెట్టుకున్నాడు. మళ్ళీ ఆడాడు. ఇంకా త్వరగా అయిపోయింది.

చెల్లి ఆయన చేతిలోంచి గేమ్ తీసుకుని, గుడ్ల లెక్క చూసి, మళ్ళీ జాగ్రత్తగా ఆయన చేతిలోనే పెట్టేసింది.

"నాన్నా," అంది, "అవుపడనప్పుడే నువ్వు బాగా ఆడీవోడివి."